అన్నపూర్ణ టీచరుగారి తీరరేఖ

వరిగడ్డిలో ముగ్గిన చిన్న రసాల వాసన తగిలితే నూజివీడు వాళ్ళకెవరికైనా తోటలు గుర్తొస్తాయి. నాకు సముద్రం గుర్తొస్తుంది. ఈ ఉదయం పక్కింటివాళ్ళు మామిడిపళ్ళ గంప విప్పగానే అన్నపూర్ణ టీచరుగారు కళ్ళముందు నిలబడ్డారు.

ఎనభైల్లో మా బళ్ళో ఆవిడ సాంఘికశాస్త్రం చెప్పేవారు. నేను అప్పుడే కొత్తగా చేరిన టీచర్ని. కోస్తా తీరాన్ని సుద్దముక్క ఎత్తకుండా ఒక్క గీతలో బోర్డు మీద గీసేవారు. సముద్రాన్ని మాత్రం ఏనాడూ చూసి ఎరగరు. రిటైరయ్యేలోగా మంగినపూడి నుంచి హంసలదీవి దాకా, కృష్ణ సముద్రంలో కలిసేచోటు వరకూ, ఒడ్డు వెంబడి నడిచి తీరాలని పట్టుబట్టారు. "ఎల్లుండికల్లా నువ్వు మానుకుని హనుమాన్ జంక్షన్లో బస్సు మారి ఇంటికి రాకపోతే నా మీసం తీయించేస్తా," అన్నారు వాళ్ళాయన. ఆ వేసవిలోనే నన్ను తోడు తీసుకుని బయల్దేరారు.

దారిబత్తెం మామిడిపళ్ళే. గంప అడుగున పచ్చివి, పైన దోరవి. రోజుకో వరస ముగ్గుతుందని ఆవిడ ధీమా. "కాయ ముగ్గేయడం మనకొకరు చెప్పాలా?" అన్నారు. కర్రకి గంప వేలాడదీసి చెరోవైపు పట్టుకుని మోశాం. ఎర్ర పీతలు మమ్మల్ని చూసి కలుగుల్లోకి పరుగెడుతుంటే "తోసుకోకుండా వెళ్ళండర్రా!" అని ఆవిడ కేకలేశారు. అయితే మన తోటల లెక్క ఆ ఉప్పుగాలి ఉక్కకి పనికిరాలేదు. రెండోరోజుకే గంపంతా ఒక్కసారిగా ముగ్గి, రసం కారడం మొదలెట్టింది. చుట్టూ ఈగలు, వెనకాల మడ అడవిలోంచి వచ్చిన రెండు నక్కలు. మేం ఆగితే అవీ ఆగేవి. "మన ఎనిమిదో క్లాసు కంటే నయం," అన్నారు టీచరుగారు.

అంతలో పటంలో లేని ఉప్పుకాలవ ఒకటి అడ్డొచ్చింది. తిండి చూస్తే పాడైపోతోంది, ముందుకి దారి లేదు. "వెనక్కి వెళ్ళిపోదామండీ," అన్నాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఇప్పుడు వెళ్తే ఇంక ఈ జన్మకి రానివ్వరే నన్ను," అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అవతలి ఒడ్డున వలలు ఆరేస్తున్న ఒకావిడ "ఏంటమ్మా, సముద్రానికి పళ్ళమ్మడానికొచ్చారా?" అని నవ్వి, పడవ తీసుకొచ్చింది. గంపంతా వాళ్ళ పల్లెలో పిల్లలకి పంచేశాం. పల్లెవాళ్ళు మాకు అన్నం పెట్టి, అక్కణ్ణించి ఎదురైన ప్రతి కాలవా దాటించారు.

హంసలదీవి దగ్గర కొంగల గుంపు లేచిపోతుంటే ఆవిడ మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, "ఇన్నేళ్ళూ తప్పు గీశానే!" అని చిన్నపిల్లలా నవ్వారు. మేం ఇంటికెళ్ళేసరికి వాళ్ళాయన మీసం లేకుండా తలుపు తీశారు.

బడి తెరిచాక ఆవిడ తీరం గీస్తుంటే సుద్దముక్క వంకర్లు పోయి, ఒకచోట ఆగిపోయింది. "చెయ్యి నొప్పా టీచర్?" అనడిగిందో పిల్ల.

"నొప్పేం లేదే. పడవ రావాలి," అన్నారు.

ఆవిడ పోయి చాలాకాలమైంది. నేనూ రిటైరయ్యాను. మనవరాలికి పటం గీసిపెడుతుంటే నా పెన్సిలు ఇప్పటికీ అక్కడ ఆగుతుంది.