పూజలో పెట్టిన మందుల డబ్బా

మా మావయ్య కుడిచేతి రక్తం మోచేతి దాకా కారి నేలమీద పడుతూ ఉంది. ఫస్ట్ ఎయిడ్ డబ్బా పదడుగుల దూరంలో ఉంది. దాని తాళంచెవి నా మొలతాడుకే కట్టి ఉంది. అయినా నేను సైకిలెక్కి పంతులుగారిని వెతకడానికి పోయాను, ఆ డబ్బా తెరవొచ్చునా అని అడిగి రావడానికి. తర్వాత చాలా ఏళ్ళు పత్రికలో పనిచేశాను. ఇలాంటి వార్త ఏ విలేకరైనా పంపి ఉంటే, "బాబూ, మరోసారి కనుక్కుని రాయి" అని తిప్పి పంపేవాణ్ని. దీన్ని మాత్రం ఎవరినీ అడిగి కనుక్కోవలసిన పని లేదు. సైకిలు తొక్కినవాణ్ని నేనే.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, మా శ్రీకాకుళం వైపు ఎవరైనా టాటానగర్ బండెక్కాడంటే ఉద్యోగం వచ్చేసినట్టే లెక్క. ఏ ఉద్యోగమని ఎవరూ అడిగేవారు కాదు. ఇంటర్ తప్పిన నన్ను మా అమ్మ తమ్ముడు అలాగే బండెక్కించి తీసుకుపోయాడు. బాగ్‌బేరాలో రైలు పట్టాల పక్కన ఆయనకి ఒక గది, ఒక వరండా. గదిలో అత్తా, మావయ్యా, వాళ్ళ చిన్నపిల్లా, వరండాలో నేను. రోజూ ఇద్దరం కలిసి పర్సుడీహ్‌లో ఉన్న ఒక రేకుల షెడ్డుకి నడిచి వెళ్ళేవాళ్ళం. నాలుగు లేత్ మిషన్లు, రెండు వెల్డింగు సెట్లు, ఒక డ్రిల్లు. పెద్ద కార్ఖానాలకి బోల్టులూ బుష్షులూ కాంట్రాక్టు మీద చేసిచ్చే వర్క్‌షాపు. మావయ్య అక్కడ టర్నరు. లేత్ మీద ఇనుముని వెన్నలా కోసేవాడు. నేను టైమ్‌కీపర్ని, ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్ళారో రాసేవాణ్ని. దానికి తోడు, బయాలజీ చదివానన్న ఒక్క అర్హతతో (తప్పింది అందులోనే అన్న సంగతి ఎవరూ అడగలేదు) ఫస్ట్ ఎయిడ్ డబ్బా కూడా నాకే అప్పగించారు.

తెల్లరంగు వేసిన రేకు డబ్బా. మూతమీద ఎర్రటి ప్లస్ గుర్తు. మూత లోపలివైపు ఏమేం ఉండాలో ఒక జాబితా, ఏం చెయ్యాలో నాలుగు సూచనలు. మా ఫోర్‌మన్‌ని అందరూ మిస్త్రీజీ అనేవారు. ఆయన మొదటిరోజే నన్ను పక్కకి పిలిచి, ఏడాదికోసారి తనిఖీ ఆఫీసరు వస్తాడనీ, డబ్బా తెరిచి జాబితాతో సరిచూస్తాడనీ, ఒక్క వస్తువు తగ్గినా షాపు పరువు పోతుందనీ చెప్పాడు. ఆ మాట నా బుర్రలో ఎలా దిగబడిందంటే, ఏమీ తగ్గకుండా చూడటమే నా వైద్యవృత్తి అనుకున్నాను. వేలు తెగినవాళ్ళు కిరసనాయిలులో ముంచుకునేవారు. ఖైనీ డబ్బీలో సున్నం ఉంటే అద్దుకునేవారు. పైన మిషన్లు తుడిచే నూలుపోగులు చుట్టుకుని పనిలోకి పోయేవారు. ఒకసారి ఒక వెల్డరు చిన్న కట్టు అడిగితే అర్జీ రాసిమ్మన్నాను. అతనికి చదువు రాదు. అర్జీ నేనే రాసిపెట్టాను. చదివి, గాయం చిన్నదని తిరస్కరించింది కూడా నేనే. అందరూ నన్ను "డాక్టర్ బాబూ" అనేవారు. అది గౌరవమని చాలాకాలం నమ్మాను.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ ఊళ్ళో అది కార్మికుల పండగ. ఏడాదంతా మనకోసం అరిగిన పనిముట్లకి ఆ ఒక్కరోజు విశ్రాంతి. వాటిని కడిగి, నూనె రాసి, సింధూరం పెట్టి, విగ్రహం ముందు పేరుస్తారు. మర్నాడు నిమజ్జనం అయ్యేదాకా ఎవరూ సుత్తి కూడా ముట్టుకోరు. రిక్షావాళ్ళు సైతం రిక్షాలకి దండలేసి నిలబెట్టేస్తారు. అందరూ తమతమ సామాను తెచ్చి పెడుతున్నారు. మావయ్య మందం కొలిచే తన మైక్రోమీటరుని పసిబిడ్డని తెచ్చినట్టు తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ఇంకో పన్నెండు రోజుల్లో పెద్ద కార్ఖానాలో ఆయనకి ట్రేడ్ టెస్టు. నెగ్గితే పర్మనెంటు ఉద్యోగం, క్వార్టరు. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. అత్త అప్పటికే క్వార్టర్లో వంటగది ఎటువైపు ఉంటుందో కనుక్కుంది. నాకు మాత్రం పూజలో పెట్టడానికి ఏ పనిముట్టూ లేదు. పెన్ను పెడితే నవ్వుతారు. అప్పుడు నా కళ్ళు డబ్బా మీద పడ్డాయి. కడిగి, తుడిచి, డ్రిల్లుకీ, ఇనుము బిగించే బెంచి వైసుకీ మధ్య పెట్టాను. పంతులుగారు ఎర్రటి ప్లస్ మీద సింధూరం బొట్టు పెట్టారు, తాళం మీదుగా మూడు చుట్లు ఎర్రదారం కట్టారు. ఆ ఏడాదిలో నేను అంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు.

పంతులుగారు పక్క షెడ్డుకి వెళ్ళిపోయారు. ఆయనకి ఆరోజు డజను వర్క్‌షాపులు. కాసేపటికి వాన, దానివెనకే గాలి. విగ్రహానికి గొడుగులా కట్టిన రేకు ఒకటి ఒకవైపు ఊడి లేచింది. అది దేవుడి నెత్తిన పడబోతుంటే మావయ్య ఎగిరి కుడిచేత్తో అంచు పట్టుకున్నాడు. దేవుడికేమీ కాలేదు. రేకు మాత్రం మావయ్య చెయ్యిని చూపుడువేలి మొదట్లో అడ్డంగా కోసుకుంటూ పోయింది.

"డాక్టర్ బాబూ! డబ్బా! డబ్బా!" అని నలుగురూ ఒక్కసారి అరిచారు. నేను పరుగెత్తి, బంతిపూల దండ కింద మెరుస్తున్న డబ్బా దగ్గర మోకాళ్ళమీద కూలబడ్డాను. చెయ్యి చాపాను.

"ఆజ్ నహీఁ!" అన్నాడు మిస్త్రీజీ వెనకనుంచి. "ధాగా బంధా హై." ఈరోజు కాదు, దారం కట్టి ఉంది అని. ఆయన చెడ్డవాడు కాదు. ఒక ఏడాది పూజరోజు డ్రిల్లు ముట్టుకున్నవాడి చెంపకి వారం తిరక్కుండా ఇనుపముక్క ఎగిరి తగిలిన సంగతి ఆ క్షణంలోనే గుర్తుచేశాడు, అంతే.

నేను మావయ్యవైపు చూశాను.

"ఒగ్గెయ్‌రా" అన్నాడు మావయ్య, ఎడంచేత్తో కుడిచెయ్యి నొక్కి పట్టుకుని. "పన్నెండు రోజుల్లో టెస్టెట్టుకుని ఇప్పుడా దేవుడికి కోపం తెప్పించమంటావేటి? సిన్న దెబ్బే."

"రక్తం ఆగట్లేదు మావయ్యా."

"ఆగిపోద్ది. దానికేటి తొందర."

ఎవరో ఆస్పత్రి అన్నారు. మూతలోని సూచనలు కంఠతా వచ్చిన ఏకైక పండితుణ్ని నేను. ముందు ప్రథమ చికిత్స, తర్వాతే ఆస్పత్రికి పంపాలని అక్కడ రాసి ఉందని గట్టిగా చెప్పాను. ఎవరూ కాదనలేదు, చదివింది నేనొక్కణ్నే కాబట్టి. కట్టు కట్టాలంటే డబ్బా తెరవాలి, తెరవాలంటే దారం విప్పాలి, విప్పాలంటే కట్టినాయన చెప్పాలి. ఈ తర్కం అందరికీ నచ్చింది. పక్కనున్న పాన్ దుకాణంవాడి సైకిలు పూజలో లేదు. దాన్నెక్కాను.

"బేగొచ్చీరా" అన్నాడు మావయ్య.

మొదటి షెడ్డులో ఇప్పుడే వెళ్ళారన్నారు. రెండోదాంట్లోనూ అదే మాట. మూడోచోట దొరికారు గానీ మంత్రం మధ్యలో ఉన్నారు. మంత్రం మధ్యలో పలకరించకూడదని చేతులు కట్టుకుని నిలబడ్డాను. హారతి ఇచ్చారు, కళ్ళకద్దుకున్నాను. ప్రసాదం చేతిలో పెట్టారు, తిన్నాను. (ఈ "తిన్నాను" అన్న మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.) అప్పుడు విన్నవించుకున్నాను.

పంతులుగారు నా మొహంకేసి, తర్వాత నా వెనకనున్న సైకిలుకేసి చూశారు. "అరే బాబూ, మందులడబ్బాకి పూజేమిటి? నువ్వు పెట్టావు, నేను బొట్టుపెట్టాను. సరే. ఆ సైకిలుకి వెనక క్యారియర్ ఉంది కదా?" అన్నారు హిందీలో. "దానిమీద అతన్ని కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి పోకుండా, నా దగ్గరికి కాహే ఆయే?"

నా దగ్గరికి ఎందుకొచ్చావు అని. నిజంగా తెలుసుకుందామనే అడిగారాయన.

వెనక్కి ఎలా తొక్కానో గుర్తులేదు. షెడ్డులో మావయ్య ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. చేతికి చుట్టిన తువ్వాలు, అదే మైక్రోమీటరు తెచ్చిన తువ్వాలు, నల్లగా అట్టకట్టింది. మిస్త్రీజీ పక్కన కూర్చుని చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. నేను వెళ్ళినప్పటినుంచీ దించలేదట. దారం తెంచి తాళం తీశాను. జాబితా ప్రకారం అన్నీ ఉన్నాయి. టింక్చరు సీసాలో టింక్చరు ఎండి అడుగున గోధుమరంగు మరక మిగిలింది. కట్టుగుడ్డ చుట్ట పసుపెక్కి, విప్పబోతే మడతల దగ్గర పుటుక్కుమని తెగింది. అడుగున తుప్పు తిన్న కంతలోంచి దూరి, దూది పొట్లంలో ఎలుక పిల్లల్ని పెట్టింది. గుడ్డిగా, గులాబీరంగులో నాలుగు పిల్లలు కదులుతున్నాయి. ఇన్నాళ్ళూ నేను కాపాడింది వాటిని.

మావయ్య లోపలికి తొంగిచూశాడు. ఆ స్థితిలోనూ నవ్వాడు. "సరేలేరా. నీ ఆస్పత్రిలో కాన్పులయితే బాగానే అవుతున్నాయి."

క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తొక్కాను. వీధి వీధికీ లౌడ్‌స్పీకర్లు, దండలేసుకుని పడుకున్న రిక్షాలు. మావయ్య నా వీపుకి తలానించి, "మెల్లిగా, గుంతలున్నాయి. పన్నెండు రోజులుందిరా, అప్పటికి తగ్గిపోద్ది" అంటూనే ఉన్నాడు. ఆస్పత్రిలో డాక్టరు తువ్వాలు తడిపి విప్పుతూ, ఎప్పుడు తెగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మావయ్య, "అభీ, సాబ్, అభీ" అన్నాడు. ఇప్పుడే అని. డాక్టరు ఎండిన రక్తాన్నీ, నన్నూ మార్చిమార్చి చూశాడు. వేలిని కదిలించే నరం తెగిందన్నాడు. కుట్లు వేశాడు.

ఇంటికొచ్చాక అత్త తిట్టలేదు. "టెస్టుకి ఎడంచేత్తో సెయ్యనిత్తారేటి?" అని మాత్రం అడిగింది. పన్నెండోరోజు మావయ్య కట్టుతోనే వెళ్ళాడు. గేటు దగ్గర చెయ్యి చూసి వెనక్కి పంపేశారు. కుట్లు మానాయి గానీ చూపుడువేలు మళ్ళీ వంగలేదు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ కాంట్రాక్టు పనులే. అన్నం ముద్ద కలిపేటప్పుడు మిగతా నాలుగువేళ్ళూ వంగితే, అదొక్కటీ ఎదుటివాణ్ని చూపిస్తున్నట్టు నిటారుగా ఉండేది. ఎదురుగా కూర్చునేవాణ్ని సాధారణంగా నేనే.

పత్రికలోకి వచ్చాక ప్రమాదవార్తలు ఎన్నో దిద్దాను. "సకాలంలో వైద్యం అందక" అన్న మాట వచ్చిన ప్రతిసారీ నా కలం ఒక క్షణం ఆగేది. ఇప్పుడు మా ఇంట్లో మందుల డబ్బాకి తాళం సంగతి అటుంచి మూతే లేదు. మనవరాలు అందులోంచి ప్లాస్టర్లు తీసి బొమ్మలకి అంటించేస్తుంది. నేను మర్నాడే కొత్తవి తెచ్చి పెడతాను. "ఈ మనిషికి పిచ్చి" అంటుంది మా ఆవిడ. పంతొమ్మిదేళ్ళ ఆ డాక్టర్ బాబు గుర్తొచ్చి నవ్వుకుంటాను. కానీ ఆ నవ్వు ఎప్పుడూ చివరిదాకా రాదు.

మావయ్య ఒక్కసారే అడిగాడు, అదీ చాలా ఏళ్ళ తర్వాత. "ఆవేళ పంతులుగారి కోసమెళ్ళి ఎంతసేపటికొచ్చేవురా?"

"పది నిమిషాలు మావయ్యా."

"నాకూ అంతే అనిపించిందిలే" అన్నాడు, వేలికేసి చూసుకుంటూ.

తొందరగా తీసుకెళ్ళి ఉంటే ఆ వేలు వంగేదా? డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. వర్క్‌షాపులో ప్రమాదాల రిజిస్టరు రాయడం కూడా టైమ్‌కీపరు పనే. గాయమైన సమయం దగ్గర పదకొండుంపావు అని రాశాను. పక్కన చికిత్స అందిన సమయం అని ఇంకో గడి ఉంది. దానిమీద కలం పెట్టి తీసేశాను. నేను ఆ ఉద్యోగం మానేసి వచ్చేనాటికి ఆ గడి ఖాళీగానే ఉంది.