వస్తా అంటే పోతానని

బడిలో తెలుగు చెప్పి రిటైరైన నాకు, ఈ వయసులో ఒక మిషన్‌కు మాటలు నేర్పే పని దొరికింది. అంగన్‌వాడీల్లో ఆయాలుగా పనిచేస్తూ పదో తరగతి పరీక్షకు కట్టిన ఆడవాళ్ళ కోసం ఒక సంస్థ ఫోన్లో చాట్‌బాట్ తయారు చేస్తోంది. ముగ్గురేసి ఆడవాళ్ళు ఒక గ్రూపులో చేరి, ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవాలి. ప్రశ్నలడగడం, తప్పు చెబితే నొప్పించకుండా దిద్దడం, నోరు విప్పని మనిషి చేత మాట్లాడించడం ఆ చాట్‌బాట్ పని. అది పలికే ప్రతి వాక్యాన్నీ తెలుగులో రాసిపెట్టడం నా పని. ప్రొద్దుటూరులో మా ఇంటి వరండాలో కూర్చుని రాసేదాన్ని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల్ని గదమాయించి చదువు చెప్పిన దాన్ని, "మీ ప్రయత్నం చాలా బాగుంది" అని పదే పదే రాయాలంటే మొదట్లో ఒళ్ళు మండేది.

నన్ను గమనిస్తూ ఉండమన్న గ్రూపులో ఒకామెది ప్రొద్దుటూరు, ఒకామెది పులివెందుల, మూడో ఆమెది జమ్మలమడుగు. ముగ్గురూ దాన్ని "ఫోను సారు" అనేవాళ్ళు. ప్రతి పేరు పక్కనా "గారు" తగిలిస్తుంది కాబట్టి అది కచ్చితంగా మగ సారే అయ్యుండాలని పులివెందులామె తేల్చేసింది. ఆడ టీచర్లకు అంత ఓపిక ఉండదట. ఆ మాట నన్ను చూసే అన్నదేమో నాకు తెలియదు.

జమ్మలమడుగామెకు మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. డయాలసిస్‌కు బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చేది. మా అవ్వ చదివిన జమ్మలమడుగు క్రైస్తవ మిషను బడిలోనే వాళ్ళ అవ్వా చదివిందట, అందుకని నన్ను చూడగానే "వందనాలక్కా" అని దగ్గరికి వచ్చింది. మొగుడు లేడు. అంగన్‌వాడీ పని, ఆసుపత్రి, చదువు, మూడూ నెత్తిన వేసుకుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు లాగా ఈ పరీక్ష నీకెందుకమ్మా అని అడిగాను.

"ఆయా, ఆయా అని పిల్చి పిల్చి ఆ పిల్లోళ్ళకు నా పేరే తెలీకపాయ అక్కా," అంది. "పదో తరగతి పాసైతే టీచరు పోస్టుకు పెట్టుకోవచ్చు. పోస్టు వస్తాదో రాదో, నేను ఉంటానో ఉండనో దేవునికే తెలుసు. ఒక్కసారన్నా ఒక పాఠం చెప్పి టీచరమ్మా అనిపిచ్చుకోవల్ల. అంతే."

మొదటి గొడవ పులివెందులామె వల్ల వచ్చింది. ఒకరోజు పాఠం నడుస్తుండగా పిల్లలకు గుడ్లు ఉడకబెట్టే వేళైందని "నేను వస్తా" అని రాసి ఆమె వెళ్ళిపోయింది. అందరూ కలిసే ముందుకు నడవాలని ఫోను సారుకు నియమం పెట్టారు. అది వెంటనే ఆమె పేరు పెట్టి, గారు చేర్చి, "వస్తున్నారు, కాసేపు ఆగుదాం" అంది. ఆగడమంటే మామూలుగా ఆగలేదు. ప్రొద్దుటూరామె నాకు ఫోన్ చేసి ఇంతెత్తున లేచింది.

"ఏంది మేడమ్ మీ సారు? ఆయమ్మ వస్తా అని పాయ. ఈ సారేమో వస్తాండాది, వస్తాండాది అని మమ్మల్ని పొద్దు గుంకేదాకా కూర్చోబెట్టినాడు. ఆయప్పకు తెలుగు రాదా?"

నేను పడీపడీ నవ్వాను. మనవైపు గడప దాటే మనిషి "పోతా" అనడు. పోవడమంటే చావడం కూడాను. శకునాలు నమ్మకూడదని ప్రతి ఆదివారం చర్చిలో వినొచ్చే మా అవ్వ కూడా, నేను "పోతాండా" అంటే చాలు, మూతి మీద ఒకటి ఇచ్చేది. "వస్తానని పో" అనేది. పోయేవాళ్ళందరూ వస్తామనే పోతారు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట గనక, దీన్ని మిషన్‌కు విడమరచి చెప్పాలని నాకూ తట్టలేదు.

బెంగళూరులో కూర్చుని దాన్ని తయారు చేస్తున్న ఇంజినీరు ఉత్తరాది కుర్రవాడు. వీడియో కాల్‌లో అంతా శ్రద్ధగా విన్నాడు. మరి నిజంగా తిరిగి వచ్చేవాళ్ళు ఏమంటారు అని అడిగాడు. వాళ్ళూ వస్తామనే అంటారన్నాను. తేడా ఎట్లా తెలుస్తుందన్నాడు. మనిషి మొహం చూస్తే తెలుస్తుందన్నాను. అతను కాసేపు తల పట్టుకుని, ఎక్కువసార్లు దాని అర్థం ఏదని అడిగాడు. ఎక్కువసార్లు పోవడమే అన్నాను. అయితే "వస్తా" అన్నవాళ్ళు వెళ్ళిపోయినట్టే లెక్క, వాళ్ళ కోసం ఆగకుండా పాఠం నడిపిద్దామన్నాడు. దానికి తగ్గ వాక్యాలు నేను రాసిచ్చాను. ఎవరైనా వస్తానంటే "సెలవు తీసుకున్నారు, మనం కొనసాగిద్దాం." గ్రూపులో ఒకరు పోయారని మిగిలినవాళ్ళు చెబితే "ఎక్కడికి వెళ్ళారు? ఎప్పుడు తిరిగి వస్తారు?" రెండోది రాసినప్పుడు, ఇందులో కాస్త ఆప్యాయత ఉందని నాకు ముచ్చటేసింది కూడా.

ఆ తర్వాత తలా ఒక పాఠం ఎంచుకుని మిగిలిన ఇద్దరికీ చెప్పాల్సిన వంతు వచ్చింది. జమ్మలమడుగామె విసర్జన పాఠం కోరుకుంది. రక్తంలోంచి మలినాలు ఎట్లా వేరవుతాయి, మూత్రపిండాలు ఏం చేస్తాయి, అవి చేయలేనప్పుడు మిషన్ ఏం చేస్తుంది, అన్నీ అందులో ఉన్నాయి. బస్సులో వస్తూ పోతూ గొణుక్కుంటూ నేర్చుకుంటున్నానని చెప్పింది. ఎదురు సీట్లో వాళ్ళు ఈమెకేమో అయిందని చూస్తున్నారట. అంత సంతోషంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు.

ఆమె పాఠం చెప్పాల్సిన రోజున ఆసుపత్రిలో కరెంటు పోయి వచ్చి, డయాలసిస్ ఆలస్యమైంది. మధ్యాహ్నం పాఠం మొదలయ్యే వేళకు ఇంకా మిషన్ మీదే ఉంది. ఒక చేతికి సూదులు, రెండో చేత్తో ఫోను పట్టుకుని, "సూది తీసినాక వస్తా" అని రాసింది.

ఆమె సెలవు తీసుకుందని ఫోను సారు ప్రకటించింది. పులివెందులామె ఊరుకోలేదు. "ఆయమ్మ వస్తాది, ఆగు సారూ. ఈ పాఠం ఆయమ్మదే" అని రాసింది. దానికి ఫోను సారు "మీ సహకార భావం చాలా బాగుంది. ఇప్పుడు మొదటి ప్రశ్న" అంది. ఆ మెచ్చుకోలు కూడా నేను రాసిందే. మూత్రపిండం బొమ్మ చూపించి, చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుందని అదే చెప్పింది. ఇద్దరూ మొహమాటంగా జవాబులిచ్చారు. పాఠం ముగిసిందని అభినందించి మూసేసింది.

సూదులు తీశాక ఆమె గ్రూపులోకి వచ్చింది. "వచ్చినా" అని రాసింది. స్వాగతం చెప్పి, ఈ పాఠం పూర్తయిందనీ, ఆమె స్నేహితులు బాగా నేర్చుకున్నారనీ ఫోను సారు తెలియజేసింది.

"ఆగల్యా?" అని రాసింది ఆమె.

ఇంజినీరుకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, బాధపడ్డాడు. ఆ పాఠం మళ్ళీ తెరవడానికి కొత్త మార్పు వచ్చేదాకా ఆగాలన్నాడు. అందరూ ఆగగలరు, ఆమె ఒక్కతే ఆగే స్థితిలో లేదు అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

తర్వాతి డయాలసిస్ రోజున ఆసుపత్రికి వెళ్ళాను. ఎండలు ముదిరిపోయాయి. ఆమెకు నీళ్ళు కొలతగా తప్ప తాగకూడదు, పెదాలు బీటలు వారి ఉన్నాయి. కోపంగా ఉందేమో అనుకున్నాను. కోపం కూడా లేదు, అది చూసి నాకు ఇంకా దిగులేసింది.

"వాళ్ళిద్దర్నీ ఏమీ అనొద్దక్కా. సారు చెప్పినాక వాళ్ళు మాత్రం ఏం చేస్తారు," అంది. "నాకు లెక్కలు రావు, ఇంగ్లీషు రాదు. ఈ పాఠం ఒక్కటే శానా బాగా వచ్చు. అదీ పాయ."

"నాకు చెప్పు. నేను వింటా," అన్నాను.

"నీకేం చెప్పేది, నువ్వే టీచరు."

"సైన్సు నాకు రాదు. చెప్పమ్మీ."

ఆమె కాస్త పైకి జరిగి, గొంతు సవరించుకుని, "పిల్లలూ, ఈరోజు మన పాఠం విసర్జన" అని మొదలుపెట్టింది. పుస్తకం తెలుగు పలకాలని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది. సూదుల నుంచి మిషన్‌లోకి పోతున్న ఎర్రటి గొట్టాన్ని వేలితో చూపించి "ఇది ధమని అనుకోండి" అంది. నేను పిల్లలా తలూపుతూ విన్నాను. వడపోత దాకా వచ్చేసరికి కాళ్ళ పిక్కలు పట్టేసి గట్టిగా అరిచింది. నర్సు వచ్చి బీపీ పడిపోతోందని నన్ను బయటికి పొమ్మంది.

"సగమే అయ్యిందక్కా. మిగతాది మళ్ళా చెప్తా," అంది ఆమె, అంత నొప్పిలోనూ.

"సరే టీచరమ్మా, వస్తా," అన్నాను అలవాటుగా.

ఆమె పళ్ళు బిగబట్టుకునే నవ్వింది. "ఏ వస్తా అక్కా? వచ్చే వస్తానా, పోయే వస్తానా?"

"వచ్చే వస్తానే," అన్నాను.

అన్నట్టే ఆమె తర్వాతి వంతు రోజున వెళ్ళాను. ఆ మంచం మీద ఎవరో ముసలాయన పడుకుని ఉన్నాడు. ముందురోజు తెల్లవారుజామున జమ్మలమడుగులో ఇంటి దగ్గరే ఆమె ప్రాణం పోయిందని నర్సు చెప్పింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తున్నప్పుడు ఫోను మోగింది. చూస్తే గ్రూపులో పాఠం వేళైంది, ఫోను సారు ముగ్గురినీ పేరుపేరునా పిలుస్తోంది.

"ఆయమ్మ పోయింది సారూ," అని పులివెందులామె రాసింది.

అది ఆమె పేరు పెట్టి, పక్కన గారు చేర్చి, అడిగింది: "ఎక్కడికి వెళ్ళారు? ఎప్పుడు తిరిగి వస్తారు?"

నేను రాసిన ఆ రెండు ప్రశ్నలూ ఫోన్లో అట్లాగే ఉండిపోయాయి. వాటిని చెరిపే దారి నా చేతిలో లేదు. కాసేపటికి ప్రొద్దుటూరామె ఒక్క మాట రాసింది.

"రాదు."

ఆ మాటలో ఫోను సారుకు ఏ తికమకా కలగలేదు. "సరే, మనం కొనసాగిద్దాం" అని తర్వాతి పాఠం తెరిచింది.