బాపు పాస్‌పోర్టు, నా లైసెన్సు

మా కోరుట్లల ఎవ్వలు ఎదురైనా నన్నడిగేది ఒక్కటే ముచ్చట. జీతమెంత? మంచిగున్నవా అని గూడ అడగరు. కూరగాయల మార్కెట్ల అడుగుతరు, బస్సుల పక్క సీటోళ్ళు అడుగుతరు, ఎవలన్న సచ్చిపోయిన ఇంటికి పోయి కూసుంటె ఆడ గూడ జర పక్కకు జరిగి మెల్లగ అడుగుతరు. వాళ్ళ లెక్కల పైలటంటె నెలకు లక్షలకు లక్షలు. ఏండ్ల సంది నడుపుతున్న పెద్ద కెప్టెన్లకు అస్తయేమో, నాకేమెరుక. నాకైతె గా పనిల ఇప్పటిదాక ఒక్క రూపాయి రాలె. అచ్చుడు పక్కకు పెట్టు, ఇంకా మేమే ఇయ్యాల్నంటున్నరు. గిది చెప్తె ఎవ్వలు నమ్మరు. జీతం దాసిపెడుతున్నది, దిష్టి తగులుతదని భయపడుతున్నది అనుకుంటరు.

నా దగ్గర పైలట్ లైసెన్సు ఉన్నది, అది అబద్ధం గాదు. చేను చెలక లేని మా అసొంటోళ్ళ పిల్లలకు సర్కారు పెట్టిన స్కీముల నాకు సీటు దొరికింది. ట్రైనింగు ఫీజు చానమట్టుకు సర్కారే కట్టింది. మిగిలినయి, అంటె రూము కిరాయి, తిండి, పరీక్షలు, మబ్బులు పట్టి విమానం లేవక నెలలకు నెలలు ఊకె కూసున్న ఖర్చు, గవన్ని బాపు పెట్టుకున్నడు. బాపు దుబాయిల సెంట్రింగ్ పని చేసెటోడు. నా బడి, నా కాలేజీ అన్ని ఆయన ఆడ ఉన్నప్పుడే అయిపోయినయి. మోకాళ్ళు ఖరాబై ఇంటికచ్చేనాటికి మెట్‌పల్లి తొవ్వల కొనుక్కున్న జాగ ఒక్కటి మిగిలింది. అది నా ట్రైనింగుకే అమ్మిండు. అమ్మ బీడీలు చేస్తది. ఆకు కత్తిరిచ్చుకుంట, మా బిడ్డ విమానం నడుపుతదట అని వాడంత చెప్పుకునేది.

లైసెన్సు అచ్చిన వారానికే జగిత్యాల చౌరస్తాల ఫ్లెక్సీ కట్టిండ్రు. నా ఫోటో చిన్నగ, లీడర్ల ఫోటోలు పెద్దగ. శాలువ మీద శాలువ కప్పిండ్రు, ఫోటోలు దిగిండ్రు, ఫోన్లల్ల పెట్టుకున్నరు. అంతమందిల ఒక్కడన్న, మరి కొలువు దొరికిందా బిడ్డా అని అడిగిండా? అడగలె. గా ఫ్లెక్సీ ఇప్పుడు పెగడపల్లిల మా మేనమామ బర్ల కొట్టం మీద కప్పి ఉన్నది. వాన కురువకుంట మంచిగ అక్కెరకచ్చింది. నాకంటె అదే నయం.

అసలు సంగతేందంటె, గీ లైసెన్సుతోటి నడిపేది చిన్న విమానాలు. టికెట్లు కొనుక్కొని జనమెక్కే పెద్ద విమానం నడుపాల్నంటె గా రకం విమానానికి మళ్ళ వేరే ట్రైనింగు కావాలె. గది ఎవ్వలిప్పియ్యాలె? విమానం ఎవలదో వాళ్ళే గద ఇప్పియ్యాలె. ఉహూ. చానమట్టుకు మనమే కట్టి నేర్చుకోవాల్నట. నేర్చుకున్నంక పిలిస్తె పిలుస్తరట, లేకపోతె నీ కర్మ. అంతల లైసెన్సు గూడ ఊకె ఉండది. ఏడాదికోపారి మళ్ళ గాల్లెకెక్కి పరీక్ష ఇయ్యాలె, గా విమానం కిరాయి గూడ మనదే. సిరిసిల్లల మా మేనత్త ఇంటికి పోయినప్పుడు మామయ్యకు గీ కథంత చెప్పిన. ఆయన సాంచెల మీద బట్ట నేస్తడు. సేటు కొత్త సాంచె తెచ్చినప్పుడు దాని మీద పని నేర్చుకోనీకి మా తాన పైసలు అడుగుతడా, గిదేం అన్యాలమే అన్నడు. అడగడు. సేటుకు గూడ ఎంతో కొంత సిగ్గుంటది.

గట్ల కూసొని ఉండంగ హైదరాబాద్ నుంచి ఫోనచ్చింది. గా పెద్ద విమానం ట్రైనింగు ఇప్పిచ్చి, కంపెనీలల్ల పెట్టిచ్చే ఆఫీసట. నేనొక్కదాన్నే పోత అన్న. బాపు ఇనలె. తెల్లంగి ఇస్త్రీ చేపిచ్చుకొని, మోకాలుకు పట్టీ కట్టుకొని నాతోటి బయలెల్లిండు. ఆఫీసుల ఏసీ, టేబుల్ మీద బొమ్మ విమానం, టై కట్టుకున్న ఓ పిలగాడు. ఇరవై లక్షల మీద అయితదని నవ్వుకుంటనే చెప్పిండు, కూరగాయల ధర చెప్పినట్టు.

బాపు కుర్సీల ముంగటికి జరిగి అడుగుడు మొదలుపెట్టిండు. గా ప్రశ్నలు నాకు ఎరుకే. మా దిక్కు దుబాయికి పోయే ప్రతొక్కడు ఏజెంటును అడిగే ప్రశ్నలే గవి, ఒకపారి మోసపోయినంక నేర్చుకునేటియి. పైసలు కట్టకముందు కంపెనీ కాయిదం చూపెడుతరా? చూపెట్టరట, ట్రైనింగు అయినంక కంపెనీ ఇష్టమట. జీతం ఎప్పటి సంది? ముందుగాల ట్రైనీ కింద జర్రంత ఇస్తరట, పూర జీతం ఎప్పుడో ఆయనకు గూడ ఎరుక లేదు. నడుమ ఇడిసిపెడితె? బాండు రాసిచ్చిన ఏండ్లు అయ్యేదాక ఇడిసేది లేదట, ఇడిస్తె మళ్ళ మనమే కట్టాలె. మరి సర్టిఫికెట్లు ఎవల దగ్గరుంటయి అన్నడు బాపు. కొన్ని కంపెనీలు ఒరిజినల్స్ పెట్టుకుంటయని చెప్పిండు. దుబాయిల మా సేటు గూడ గిట్లనే నా పాస్‌పోర్టు గుంజి పెట్టుకున్నడు సార్ అన్నడు బాపు, కోపంగ గాదు, ఉన్న మాట చెప్పినట్టు. గా పిలగానికి నవ్వు ఆగలె.

"అంకుల్, ఇది కూలీ పని కాదు కదా. అందరూ కడుతున్నారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గా కూలి పనే నన్ను గీడ కూసోబెట్టింది, నీ ఆఫీసు తలుపు తీపిచ్చింది గూడ గా కూలి పైసలే అన్న. ఇంకా ఏమేమో అన్న. పక్క గదిలకెల్లి మనుషులు తొంగి చూసిండ్రు. బాపు నా రెక్క పట్టి బయటికి గుంజుకచ్చిండు. బస్సుల కోరుట్లదాక మోకాలి పట్టీ సదురుకుంటనే కూసున్నడు. నేనైతె లోపల సంబురపడ్డ. బాపుకు వీళ్ళ దొంగతనం సమజైంది, ఇగ గీ ముచ్చట ఇడిసిపెడుతడు అనుకున్న.

పది పదిహేను దినాలకు, ఓ మంగళారం, కొండగట్టుకు పోయస్త అని పొద్దుగాల్నే పోయిండు. మాపటికి అచ్చిండు. అంజన్న కాడికి పోయినోని నొసట సింధూరం లేదు, చేతిల ప్రసాదం లేదు అని అమ్మ గులుగుకున్నది. నేను పట్టిచ్చుకోలె. మొక్కు నా కొలువు గురించే అయి ఉంటది, నాకు తెల్వొద్దని దాస్తున్నడు అనుకున్న.

ఇగ ఓనాడు ఆయన తానం చేస్తుంటె ఆయన ఫోను మోగింది. నేనెత్తిన. జగిత్యాల నుంచి, దుబాయికి తోలే ఏజెంటట. అన్నకు చెప్పమ్మా, మెడికల్ పాసయింది, మిగిలిన పైసలు పట్టుకొని రమ్మను, వీసా అస్తుంది అన్నడు. కొండగట్టని చెప్పి పోయింది గీ పనికే అన్నట్టు. యాభై దాటినోడు, మెట్లెక్కాల్నంటె గోడ పట్టుకునేటోడు, మళ్ళ దుబాయికి పోతడట. గా ఇరవై లక్షల కోసమే. బాపు బయటికి అచ్చేదాక ఆగలె. చెప్పులేసుకొని జగిత్యాల బస్సెక్కిన.

ఏజెంటుది పాత బస్టాండు దిక్కు గల్లీల ఓ చిన్న రూము. ఆయన గూడ ఒకప్పుడు దుబాయిల పని చేసి అచ్చినోడే. నేను పోతానే అరుసుడు మొదలుపెట్టిన. మోకాళ్ళు లేనోన్ని ఏం పనికి తోలుతున్నవు, మెడికల్ ఎట్ల పాసు చేపిచ్చినవు, సిగ్గు లేదా అన్న. ఆయన కోపానికి రాలె. కుర్సీ జరిపి, ఛాయ తెప్పిచ్చిండు. హెల్పర్ పని, బరువులు మొయ్యనీకి కాదు, మీ బాపే వారం దినాలు తిరిగి కాళ్ళు మొక్కి పెట్టిచ్చుకున్నడు అన్నడు. మరి నువ్వు పైసలెందుకు తీసుకున్నవు, కొలువుకు పోయేటోడు కట్టుడు ఎక్కడి న్యాయం అని అడిగిన.

"అందరు కడుతరు చెల్లె," అన్నడు. జర ఆగి మళ్ళ అన్నడు, "మీ బాపు కడితె ఆడికి పోయిన నెల సందే జీతమన్న పడుతది. నువ్వు కడితె నీకు ఎప్పటి సంది?"

బాపు పాస్‌పోర్టు నాకిచ్చెయ్యి అన్న. థూ, ఏం బతుకు గిది అనిపిచ్చింది. చదువుకున్నదాన్ని, మబ్బుల నడుమ ఒక్కదాన్నే విమానం తిప్పి దింపినదాన్ని, ఓ దుబాయి ఏజెంటు ముంగట కూసొని బతిలాడుతున్న. ఆయన అలుమారి తీసి పాస్‌పోర్టు నా చేతిల పెట్టిండు. కట్టిన అడ్వాన్సు మాత్రం ఇయ్యలె, మెడికల్ కే అయిపోయిందన్నడు.

ఇంటికచ్చేసరికి బాపు గడప కాడ కూసొని మోకాలుకు మందు రాసుకుంటున్నడు. నేను పాస్‌పోర్టు చూపెట్టి మస్తు తిట్టిన. నువ్వు పంపిన పైసలతోటి చదివిన, నీ జాగ అమ్మిచ్చిన, ఇంకా నీ పానం గూడ అమ్మి ఎక్కాల్నా నేను విమానం అన్న. నాకు చెప్పకుంట ఎట్ల పోతవు అన్న. అమ్మ చాట పక్కకు పెట్టి ఏడువవట్టింది. బాపు మందు డబ్బ మూత పెట్టిండు.

"మరి నన్నేం చెయ్యమంటవు బిడ్డా? నాకు ఎరుకున్న తొవ్వ గదొక్కటే."

గా మాటకు నా కోపం ఎటు పోవాల్నో తెల్వలె. ఇప్పటికి గూడ తెల్వది. బాపు మీద గాదు. గా టై పిలగాడు గూడ జీతగాడే. శాలువలు కప్పినోళ్ళ మీద, జీతమెంత అని అడిగేటోళ్ళ మీద కోపమస్తది, కని వాళ్ళకేం ఎరుక. విమానాల్లకు మనుషులు కావాలె, నడిపేటోళ్ళు కావాలె, కని నేర్పే ఖర్చు మాత్రం కోరుట్లల ఓ సెంట్రింగ్ మేస్త్రి మోకాళ్ళ మీద పెట్టిండ్రు. గిది ఎవ్వలు పెట్టిండ్రో వాళ్ళు దొరికితె అడగాల్నని ఉన్నది. దొరుకరు.

ఇప్పుడు నేను సిరిసిల్లల ఓ ప్రైవేటు కాలేజీల ఫిజిక్స్ చెప్తున్న. మేనత్త ఇంట్లనే ఉంటున్న, రాత్రంత సాంచెల చప్పుడు. జీతమెంత అని అడిగినోళ్ళకు గీ జీతమే చెప్తున్న, నా మొకం చూసుకుంట పోతున్నరు. లైసెన్సు పరీక్షకు మళ్ళ గాల్లెకెక్కే గడువు దగ్గర పడ్డది, గా కిరాయి మటుకు కూడవెడుతున్న. లైసెన్సు కోరుట్లల బీరువల ఉన్నది. బాపు పాస్‌పోర్టు మాత్రం ఆడ పెట్టలె. నేనెటు పోతె అటు నా బ్యాగులనే ఉంటది.

ఆదివారం ఆదివారం ఇంటికి పోత. మొన్న గూడ పోయిన. మాపటికి సిరిసిల్ల బస్సుకని బయలెల్లుతుంటె బాపు గడప కాడ కూసొని నా బ్యాగు దిక్కు చూసుకుంట అన్నడు.

"దుబాయి సేటు గూడ రెండేండ్లకోపారి ఇంటికి రానీకి పాస్‌పోర్టు చేతికిచ్చెటోడు బిడ్డా."

నేనైతె ఇయ్యను అన్న. బ్యాగు భుజానికేసుకొని బస్టాండుకు నడిచిన.