అరకిలో కేకు మీద ఏ మాట

గోదావరిఖని బజారులో ఒక బేకరీ. కేకుల మీద క్రీముతో అక్షరాలు రాసేది యజమాని కూతురు. వాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. నేను తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి, బొగ్గుబావిలో పనికి కుదిరినవాణ్ణి. ఆమెను చూడటానికి రోజూ ఎగ్ పఫ్ తినీ తినీ, దారిలో కోడి కనపడితే మొహం చాటేసే స్థితికి వచ్చాను.

ఒక శుక్రవారం ఆమె పఫ్ చేతికిస్తూ, "ఎల్లుండి నేనుండనండీ. పెళ్లిచూపులు," అంది.

పఫ్ కొరకకుండానే డబ్బులిచ్చి బయటపడ్డాను. చెప్పాల్సిందేదో రేపటిలోగా చెప్పెయ్యాలి.

చెప్పడం ఇంగ్లీషులోనే అని ఎప్పుడో అనుకున్నాను. 'ప్రేమిస్తున్నాను' అని మా బజారులో తెలుగులో అంటే వెనకనుంచి ఎవరో ఒకరు చప్పట్లు కొడతారు. 'ఇష్టం' అందామంటే నాకు పచ్చిపులుసూ ఇష్టమే. చిక్కల్లా ఇంగ్లీషులో ఏ మాట అనేదే. లైక్ అంటే ఫోన్లో బొటనవేలి గుర్తు లాంటిదే అనుకుని ఊరుకుంటుందేమో. లవ్ అంటే వాళ్ల నాన్నను పిలుస్తుందేమో. ఆ రాత్రి ఫోన్లో వెతికి మూడో మాట కూడా పట్టుకున్నాను.

మర్నాడు మొదటి షిఫ్టులో, బావి లోపల, నాతో పనిచేసే పెద్దాయనను అడిగాను. చుట్టరికం లేకపోయినా ఆయన నాకు బావ.

"బావా, అడోర్ అని ఇంకోటున్నది. ఆరాధించుడట."

"ఏందిరా, ఫొటోకు దండేసి ఊదుబత్తులు ముట్టిస్తవా? బతికున్న పిల్లకు గసొంటి మాట చెప్పకు."

"మరి లవ్?"

ఆయన చేతికర్రతో తల మీది బొగ్గు కప్పును కొట్టాడు. దాని కిందికి అడుగు వేసేముందు మేము చేసే పని అదే. కప్పు గట్టిదైతే ఖంగుమంటుంది. వదులుగా ఉంటే డొల్లగా మోగుతుంది.

"లవ్వంటే సక్కగ కిందికి పోయి నిలబడుడు. లైకంటే గిట్ల కొట్టి చూసుడు. కొట్టకుండనే పోతవారా, పిచ్చోడా?"

షిఫ్టు దిగాక, పైనుంచి రాయి పడినా తల కాపాడే టోపీ తీసేసి, చెవుల వెనక బొగ్గు పూర్తిగా వదలకముందే పరుగెత్తాను. వాళ్ల నాన్న భోజనానికి వెళ్లే వేళ అది.

"అరకిలో కేకు కావాలె."

"ఏం రాయమంటారు?" అంటూ క్రీము కోను అందుకుంది.

"ఐ లైక్ యూ."

"ఎవరి పేరు?"

"రాసేటోళ్ల పేరు."

కోను గాలిలో ఆగింది. నా గుండె దడకు అద్దాల వెనక క్రీమ్ బన్నులు కదిలాయంటే నేను నమ్ముతాను.

"అందరూ లవ్వే రాయిస్తారండీ," అంది, నా వైపు చూడకుండా. "పెళ్లిరోజులకీ, రిటైర్మెంట్లకీ. మొన్న ఒకాయన వాళ్ల కుక్క పుట్టినరోజుకి కూడా. రాసీ రాసీ నా చెయ్యి దాన్ని చూడకుండానే రాసేస్తుంది. మీరేంటి, లైక్ దగ్గరే ఆగిపోయారు? భయమా?"

"భయం కాదు. మా బావ చెప్పినట్టు ముందుగాల కొట్టి చూస్తున్న. మా బాయిల కప్పును గట్లనే కొడతం. గట్టిగుంటెనే కిందికి పోతం."

ఆమె నవ్వలేదు. కోను పక్కన పెట్టి, గాజు కౌంటరు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది.

"ఎలా ఉంది?"

"గట్టిగనే ఉన్నది," అన్నాను. నా గొంతే డొల్లగా మోగింది.

అప్పుడు కేకు మీద ఒక చివర 'ఐ' రాసింది, ఇంకో చివర 'యూ' రాసింది. మధ్యలో ఖాళీ వదిలేసి ఫ్రిజ్‌లో పెట్టింది.

"రేపు రండి. షాపులోనే ఉంటాను."

"మరి పెళ్లిచూపులు?"

"నాన్నతో నేను మాట్లాడుకుంటాను. ఆ ఖాళీలో ఏం రాయించాలో మీరు ఆలోచించుకోండి. ఈసారి ఎవర్నీ అడక్కుండా."

బయటికి వచ్చి, రోడ్డు మీదినుంచే బావకు ఫోన్ చేశాను.

"ఏమైందిరా?"

"కిందికి పోతున్న బావా."

"టోపీ పెట్టుకొని పో," అన్నాడు. "వాళ్ల నాయన ఉంటడు."