పక్కన నిలబడిన మనిషి

శుక్రవారం పొద్దున రాతి పొడి దులుపుకుని టీ తాగుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, మిలిటరీ తాత లేడురా. టీ ఇద్దామని పోతే దుప్పటి తియ్యలే. ఎంత పిలిచినా లెయ్యలే. నువ్వు తొందరగా రా." మామూలు రోజుల్లో పిలిచినా ఆయన పలకడు. చెవులు వినపడవు. అందుకే అమ్మ చాలాసేపు పిలుస్తూనే ఉందట. భుజం తట్టి చూశాక తెలిసింది.

ఫోన్ పెట్టేసి నా ముందున్న రాయి వైపు చూశాను. అందులో ఒక సైనికుడి బొమ్మ ఉంది. అన్నీ అయ్యాయి, కన్ను మాత్రం ఇంకా పెట్టలేదు. ఆ కన్ను ఎలా ఉండాలో చెప్పగలిగిన మనిషి లోకంలో ఆయన ఒక్కడే.

ఆళ్లగడ్డలో మా ఇంటి పక్క గదిలో ఉండేవాడు తాత. నాకు సొంత తాత కాదు. సైన్యంలో ఫిరంగులు పేల్చే దళంలో చాలా ఏళ్ళు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. బనగానపల్లెలో తమ్ముడి కొడుకు ఒకడున్నాడు, రంజానుకు వచ్చి చూసిపోతాడు. ఫిరంగుల మోతకు ఆయన కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో కొంచెం మిగిలింది. అందుకని ఎవరొచ్చినా తన ఎడమ పక్కన కూర్చోబెట్టుకునేవాడు. దీపావళికి ఊరంతా చెవులు మూసుకుంటే ఆయన హాయిగా నిద్రపోయేవాడు. తెల్లారి లేచి, "ఏందీ, ఈ తూరి ఎవురూ కాల్చలేదా?" అని అడిగేవాడు.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి శిల్పాల పనిలో చేరాను. నాకు మనుషులతో మాట్లాడాలంటే గొంతు లేవదు. ఆయనకేమో అరిస్తే తప్ప వినపడదు. అలాంటి ఇద్దరం పక్కపక్కన పడ్డాం. అందుకని ఫోన్లో రాసుకునేవాళ్ళం. ఒకే అరుగు మీద, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుని మెసేజీలు పంపుకునేవాళ్ళం. నా రాతలో తప్పులు, ఆయన రాతలో అంతకన్నా తప్పులు. ఒకరిని చూసి ఒకరం సిగ్గుపడాల్సిన పని లేదు.

"పక్కనే కూచోని ఫోన్లు గీకుతాండారు. ఎవురన్నా చూస్తే పిచ్చోళ్ళనుకుంటారు" అని అమ్మ ఎగతాళి చేసేది.

"మీ అమ్మ ఏమంటాంది?" అని తాత అడిగేవాడు.

మనం పిచ్చోళ్ళమంట, అని కొట్టేవాడిని. దానికి జవాబు వచ్చేది: "నిజమే. అంతే."

ఆయన మెసేజీలన్నీ 'అంతే' తోనే ముగిసేవి. ఎందుకని ఒకసారి అడిగాను. "కొండల్లో మాకు తీగ ఫోన్లు ఉండె. మాట అయిపాయనని చెప్పకుంటే అవతలోడు రిసీవర్ పట్టుకోని చలిలో కాచుకోనుంటాడు. పాపం కదప్పా" అన్నాడు.

సర్వీసు గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. చెప్పినా తన గొప్పలు ఉండేవి కావు. "తుపాకీ అయితే ఒగడు పట్టుకుంటే చాలు. ఫిరంగికి సంసారం కావాల" అనేవాడు. ఒకడు గుండు అందించాలి, ఒకడు దూరం చూడాలి, ఒకడు పేల్చాలి. "పక్కనోడు ఉండాడా అని తిరిగి చూడగూడదు. ఉండాడనుకోని నీ పని నువ్వు చెయ్యాల." ఈ మాట నాకు పని దగ్గర కూడా చెప్పేవాడు, పక్కన ఎవరూ లేకపోయినా.

పోయిన ఏడాది నంద్యాలలో మాజీ సైనికులకు సన్మానం చేస్తున్నామని పిలుపు వచ్చింది. వినపడదు కాబట్టి నన్ను తోడు తీసుకుపోయాడు. ఫంక్షన్ హాలు నిండా జనం. శాలువా కప్పాక మైకు పట్టుకున్నాయన, "పెద్దాయనా, యుద్ధంలో మీ అనుభవం రెండు మాటల్లో చెప్పండి" అన్నాడు. తాత నా వైపు చూశాడు. నేను స్టేజీ ఎక్కి ఆ ప్రశ్న ఫోన్లో కొట్టి చూపించాను. వెనక కుర్చీల్లో ఎవరో నవ్వారు.

తాత మైకు తీసుకున్నాడు. తన గొంతు తనకు వినపడదు కదా, హాలు అదిరిపోయేలా మాట్లాడాడు.

"యుద్ధం తక్కువప్పా. కాచుకోనుండేదే ఎక్కువ. మంచులో కాచుకోనుంటిమి. నా పక్కన మన ఉయ్యాలవాడ దిక్కు పల్లెటూరోడు ఒగడుండె. ఒగరోజు మంచు చరియ ఇరిగి మీద పడె. వాడు దాంట్లో పాయ. మనిషి దొరకలే. వాని పేరు ఈడ ఎవురికన్నా తెలుసునా?"

ఆ పేరు చెప్పాడు. ఇంకోసారి చెప్పాడు. ఎవరూ పలకలేదు. తనకే వినపడలేదేమో అనుకుని నన్ను అడిగాడు, "ఎవురన్నా చెప్పిరా?" నేను లేదని తల ఊపాను. ఆయన మైకు ఇచ్చేసి, శాలువా మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్క సీట్లోంచే మెసేజ్ పెట్టాడు. "వానికి రాయి నిలబెట్టాల. నువ్వు చెక్కు. అంతే."

ఫోటో ఉందా అని అడిగాను. లేదు. అతని ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో కుందూ ఏరు పొంగి పల్లెలోకి నీళ్ళు వచ్చినప్పుడు పెట్టెలోనే నాని ముద్దయిపోయింది. దళమంతా కలిసి ఫోటో దిగిన రోజు అతను డ్యూటీలో ఉన్నాడు. "వాని మొకం ఇప్పుడు యాడా లేదు. నా తలకాయలోనే ఉండాది. నేను పోతే అదీ పోతాది" అన్నాడు తాత. బస్సులో అందరూ తిరిగి చూశారు.

మా మేస్త్రి మంచి మనిషి. పక్కన పడేసి ఉన్న నల్లరాతి పలక ఒకటి చూపించి, "తీసుకో, ఖాళీగా ఉన్నప్పుడు చేసుకో" అన్నాడు. మేం ఏ ముఖమైనా ముందు మట్టితో చేసి చూసుకుంటాం. మేస్త్రి స్వయంగా చేసి పెట్టాడు. తాత వచ్చి చూసి పెద్దగా నవ్వాడు.

"ఏందప్పా ఇది! ఎంకటేసర స్వామికి టోపీ పెట్టినట్లుండాది. వీనికి మొక్కుకోవల్లనా, వీనితో బీడీ తాగల్లనా?"

మేస్త్రి కూడా నవ్వాడు. తప్పు ఆయనది కాదు. మా చేతులు దేవుళ్ళకు అలవాటు పడ్డాయి. చిన్నప్పటి నుంచి అవే కొలతలు, అవే పెద్ద కళ్ళు, అదే నున్నటి బుగ్గ. మనిషిని చేద్దామని మొదలుపెట్టినా చెయ్యి తనంతట తనే దేవుడి దగ్గరికి పోతుంది. నేను చేసినా అంతే అయింది. చెరిపాను, మళ్ళీ చేశాను. తాత రోజూ వచ్చేవాడు. దారిలో మసీదు దగ్గర ఆయన దోస్తులు చెవి దగ్గర అరిచేవాళ్ళు, "ఏం సాయిబూ, దినామూ బొమ్మల కాడికి పోతాండావ్?" అని. "మొక్కడానికి కాదులేప్పా. నా దోస్తును చూడ్డానికి పోతాండా" అనేవాడు.

ఒకరోజు నేను కళ్ళ గురించి అడిగాను. పెద్దవా, చిన్నవా, కనుబొమ్మలు కలిసి ఉంటాయా? ఆయన కళ్ళజోడు పెట్టుకుని ప్రశ్న రెండుసార్లు చదివాడు. చాలాసేపటికి నా పక్కనే కూర్చుని టైపు చేశాడు. "ఎదురుగా వాడు ఎట్ల ఉంటాడో నాకు గుర్తు లేదు. మేము పక్కపక్కన నిలబడినాము. అంతే."

మెసేజ్ చదివి ఆయన వైపు తిరిగాను. ఆయన ముఖం ఎర్రబడింది. దొంగతనం చేసి దొరికినవాడిలా కూర్చున్నాడు. కాసేపటికి నన్ను మోకాలితో పొడిచి, "ఈ పక్క నుంచి అడుగు. అంతా చెప్తా" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎడమ పక్కన గాలిలో చెయ్యి పెట్టి, అక్కడ ఎవరో ఉన్నట్టు గీస్తూ చెప్పాడు. చెవి తమ్మె చివర చిన్న గాటు. ముక్కు మధ్యలో గుబ్బ. చలికి పళ్ళు కొరుకుతుంటే దవడ దగ్గర ఉబ్బే నరం. మెడ మీద ఎండకు కమిలిన గీత. నేను మట్టి తీసుకుని పక్క నుంచి కనబడే ముఖం మొదలుపెట్టాను. మూడో పూటకు తాత వచ్చి చూశాడు. జేబులోంచి బీడీ తీసి దాని ముందు పెట్టాడు.

రాయి మొదలుపెట్టే ముందు ఇద్దరం ఉయ్యాలవాడ వైపు ఆ పల్లెకు వెళ్ళాం. ఆ సైనికుడి భార్య అక్కడే ఉంది, ముసలిది అయింది. పెళ్లి చేసుకుని, సెలవు అయిపోగానే వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ రాలేదు. ఆమెకైనా కళ్ళు గుర్తుంటాయని మా ఆశ.

"నన్నడిగితే ఏం చెప్పల్ల నాయనా?" అంది అవ్వ. "అప్పట్లో మొగుని మొకం తలెత్తి చూస్తే అత్త ఊరుకుంటాదా? కింద చూసుకుంటానే సంగటి పెడితి. ఆయప్ప కాళ్ళు మాత్రం బాగా గుర్తుండాయి. కాళ్ళు చెక్కుతావంటే చెప్తా."

బొటనవేలు కన్నా పక్క వేలు పొడుగట. కుడి మడమ మీద పొలం పనిలో గుంటక తగిలిన మచ్చ. అవన్నీ టైపు చేసి తాతకు చూపించాను. చదువుతూ నవ్వాడు, తరువాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఉత్త కాళ్ళు చెక్కుతున్నామని తెలిసి మేస్త్రి మొత్తుకున్నాడు. "యూనిఫాం ఏసి బూట్లు లేకపోతే జనం నగుతారురా!"

"బూట్లు తొడిగితే ఆయమ్మకు ఏం మిగుల్తాదప్పా?" అన్నాడు తాత. "ఇంటికొచ్చినోడు బూట్లు ఇడిచే కదా లోపలికొచ్చేది."

అలా కాళ్ళు అయ్యాయి, చొక్కా అయింది, చెవి, ముక్కు, దవడ అయ్యాయి. మా పనిలో కన్ను ఎప్పుడూ చివరికే. పక్క నుంచి చూస్తే ఒక కన్నే కదా, అది కూడా ఒక మూల. "దాన్ని నేను పక్కన ఉన్నప్పుడు పెట్టు. తప్పయితే చెప్తా" అన్నాడు. ఆ తరువాత ఆయనకు దగ్గు పట్టుకుంది. ఈ వారం వస్తా, వచ్చే వారం వస్తా అని మెసేజీలు పెట్టాడు. ఆ శుక్రవారం అమ్మ ఫోన్ వచ్చింది.

ఖబరస్తానుకు తీసుకుపోయేటప్పుడు నేనూ భుజం పట్టాను. నంద్యాల నుంచి ఆయన తోటి మాజీ సైనికులు కొందరు వచ్చి జెండా కప్పారు. అందులో ఒకాయన సెల్యూట్ కొట్టి చాలాసేపు చెయ్యి దించలేదు. ఆయన కూడా ముసలాయనే. అందరూ వెళ్ళాక పక్క గదికి తాళం వేశారు. అరుగు మీద నేను కూర్చునే చోటే కూర్చున్నాను, ఎడమ పక్కన. కుడి పక్కన ఎండ పడింది.

ఏం చేయాలో తోచక ఆయన నంబరుకే పెట్టాను. తాతా, కన్ను ఎట్ల పెట్టాల?

కాసేపటికి జవాబు వచ్చింది. "ఎవరు మీరు?" అని ఉంది. ఫోను బనగానపల్లె తమ్ముడి కొడుకు తీసుకుపోయాడు. నేను ఎవరినో రాద్దామని చాలాసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. పక్కింటి వాడిని అని రాస్తే అది నిజమే. కానీ పంపబుద్ధి కాలేదు.

చాలా రోజులు ఉలి ముట్టుకోలేదు. మేస్త్రి వచ్చి ఆ రాయి ముందు నిలబడి, "పెట్టేయిరా. తప్పని చెప్పేటోడు ఇప్పుడు ఎవుడుండాడు?" అన్నాడు. ధైర్యం చెప్పాలనే అన్నాడు. నాకు మాత్రం భయం అక్కడే పుట్టింది.

చివరికి ఎలా పెట్టానో చెబుతాను. పక్క నుంచి నాకు బాగా తెలిసిన కన్ను ఒకటే ఉంది. మంచు గురించి చెప్పేటప్పుడు తాత దూరంగా చూసేవాడు, ఎండలో చూస్తున్నట్టు కన్ను సన్నగా చేసి. మూల దగ్గర చర్మం మడతలు పడేది. ఆ కన్నే పెట్టాను. వేరే కన్ను నాకు రాదు.

రాయి ట్రాక్టరులో పల్లెకు చేరింది. రోడ్డు మీద పోయేవాళ్ళకు కనపడేలా అవ్వ ఇంటి ముందు నిలబెట్టాం, అందరు సైనికులకూ అలాగే చేస్తారు. అవ్వ వచ్చి ముందు కాళ్ళు చూసింది. వేలితో ఆ పొడుగు వేలు తడిమింది. తరువాత మెల్లగా తల ఎత్తింది.

"ఇట్లనే ఉండెనా నాయనా?" అని నన్ను అడిగింది.

నేను ఆ సైనికుణ్ణి ఎప్పుడూ చూడలేదు. అతను పోయేనాటికి మా అమ్మ కూడా పుట్టలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"ఇట్లనే ఉండె అవ్వా" అన్నాను. ఆ రోజు నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

అవ్వ మేస్త్రి వైపు తిరిగింది. "రోడ్డు దిక్కు ఏంటికప్పా పెట్టినారు? పోయేటోళ్ళకు ఏం తెలుసు వీడెవుడో? నా దిక్కు తిప్పండి."

"అట్ల తిప్పితే ఎవురికీ కనపడదమ్మా. ఈపు కనపడతాది" అన్నాడు మేస్త్రి.

"నాకు కనపడతాది గదా."

మళ్ళీ తాళ్ళు కట్టి, గడ్డపారలు పెట్టి, నలుగురం కలిసి ఇంటి వైపు తిప్పాం. ఇప్పుడు ఆ దారిలో పోయేవాళ్ళకు గరుకు రాయి వీపు మాత్రమే కనపడుతుంది. ఆ వైపు పేరు కూడా లేదు.

సాయంత్రం బస్సు కిటికీలోంచి నేనూ ఆ వీపే చూశాను. రాయి పక్కగా అవతల అవ్వ తల కొంచెం కనపడుతోంది. ఆమె ఏదో మాట్లాడుతోంది, చెయ్యి ఊపి మరీ చెబుతోంది. బస్సు మోతలో ఒక్క మాట కూడా వినపడలేదు.