లైసిన్ తక్కువ వరుస

సాలమ్మది గౌడవెల్లి. పెళ్లయిన నాటి నుంచి మేకలు కాసింది. మేపే బీళ్లన్నీ ప్లాట్లయ్యాక మందను అమ్మేసి, శామీర్‌పేట దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో కుందేళ్ల షెడ్డు చూసుకునే పనికి కుదిరింది.

అక్కడ అశ్రిత అనే పరిశోధక విద్యార్థిని ఒక పరీక్ష మొదలుపెట్టింది. మన ఎండల్లో ఎదిగే కుందేలు పిల్లకు దాణాలో లైసిన్ ఎంత ఉండాలో తేల్చాలి. కండ పట్టడానికి కావలసిన పదార్థమది. ఒక్కో వరుస బోనులకు ఒక్కో పాళ్లలో కలిపిన దాణా పెట్టి, వారం వారం పిల్లల్ని తూచాలి. ఏ మోతాదు దాటాక ఎదుగుదల ఇక పెరగదో, అదే సరైనది. గోడ పక్క వరుసకు అన్నిటికంటే తక్కువ.

ఆ వరుసకు దాణా పోసేది సాలమ్మే. పిల్లలు తొట్టెలు ఖాళీ చేసేవి గానీ ఒళ్లు చేసేవి కావు. ఎత్తుకుంటే వెన్నెముక చేతికి తగిలేది.

“మేడం, కడుపు నిండనే తింటున్నయ్. మరెందుకు పెరుగుతలేవ్?”

“లైసిన్ తక్కువైతే మిగతావి ఎన్ని తిన్నా కండగా మారవు సాలమ్మా. అవి పెరగకపోతేనే మనకు లెక్క తెలిసేది.”

“జెరంత పచ్చగడ్డి ఎయ్యనా?”

“వద్దు. గుప్పెడు వేసినా పరీక్ష పాడవుతుంది.”

సాలమ్మ వేయలేదు. ఒక్క జీవాన్నీ పస్తు పెట్టి ఎరగని మనిషి, ఆ వరుస దగ్గర మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని దాణా పోసేది. “కుందేళ్ల కోసం గింత పరేషానేందే?” అని భర్త పరమేష్ అనేవాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కూలర్లు ఆగిపోయి రేకుల షెడ్డు సెగలు కక్కింది. సాలమ్మ, అశ్రిత ఇద్దరూ గోనెసంచులు తడిపి చుట్టూ కట్టారు. అయినా ఒంటి వేడి ఎక్కువ కావడంతో బాగా ఎదిగిన పిల్లలే ముందు ఒరిగిపోయాయి. కరెంటు వచ్చేసరికి చాలా బోనులు కదలిక లేకుండా ఉన్నాయి. గోడ పక్క బక్కవి మాత్రం బతికాయి.

అశ్రిత తన గైడ్ సారుకు ఫోన్ చేసింది. ఇక లెక్క తేలదు, ఆపేయమన్నాడాయన.

“ఇగ గడ్డి ఎయ్యచ్చు గద మేడం?”

అశ్రిత కళ్లు తుడుచుకుంటూ తలూపింది.

మర్నాడు సాలమ్మ మోపెడు గడ్డి కోసుకొచ్చి బోనుల నిండా వేసింది. అవి ఆత్రంగా తింటుంటే అక్కడే కూర్చుని చూసింది. ఆ షెడ్డులో ఆమె సంతోషంగా గడిపిన పూట అదొక్కటే.

ఆ తర్వాత వాటికి విరేచనాలు పట్టుకున్నాయి. ఎండు దాణాకు అలవాటుపడ్డ పేగులు ఒక్కసారిగా అంత పచ్చిని ఓర్చుకోలేకపోయాయి. మందు పోసినా ఒక్కటీ దక్కలేదు.

“పాణం ఆగక ఏసిన మేడం. నేనే సంపిన.”

“మెల్లగా మార్చాలని నేను చెప్పాల్సింది. నాకు ఆ ధ్యాసే లేదు.”

ఆ మాట సాలమ్మకు ఊరట కాలేదు. షెడ్డుకు తాళం పడింది. అశ్రిత కోళ్ల మీద వేరే అంశం తీసుకుంది. సాలమ్మ కొంపల్లిలో ఒక మాల్‌లో నేల తుడిచే పనిలో చేరింది. ఒక సాయంత్రం బస్టాపులో అశ్రిత కనబడితే అడిగింది.

“గా కుందేళ్లకు ఎంత గావాల్నో ఇంకెవరన్న తేల్చిన్రా మేడం?”

“లేదు సాలమ్మా. ఆ పని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు.”

సాలమ్మ మేడ్చల్ బస్సు వస్తే ఎక్కి, నిలబడే వెళ్లిపోయింది.