నిట్టూర్చే వైకుంఠ రథం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. దర్శిలో పొదిలి రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు. కల్లాల్లో మిర్చి ఎండే రోజులు కావడంతో తుమ్ములతోనే పని మొదలయ్యేది. ఒక ఉదయం కోటయ్య బాబాయ్ వైకుంఠ రథాన్ని తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు శవాలను తరలించడానికి చందాలేసుకుని కొన్న వ్యాను అది. మొదటి నుంచీ దానికి ఆయనే డ్రైవరు.

"డిఫరెన్షియల్ ఆయిల్ కారతా ఉంది శీనూ. రెండుసార్లు సీలు మార్పించా, ఆగట్లేదు."

వెనక చక్రాల మధ్య ఉండే ఇనుప బుర్ర లాంటిదే డిఫరెన్షియల్. ఇంజను శక్తిని చక్రాలకు పంచుతుంది. దాని గేర్లు చిక్కటి ఆయిల్లో తిరుగుతాయి. ఆ ఆయిల్ బయటికి రాకుండా షాఫ్ట్ దూరేచోట రబ్బరు సీలు ఉంటుంది. కిందికి దూరి చూశాను. సీలు కొత్తదే, అయినా దాని అంచు తడిగా ఉంది.

బాబాయ్ గొంతు తగ్గించాడు. "శవం ఉన్నప్పుడే కారుద్ది. ఖాళీగా తిప్పితే చుక్క పడదు. దించేచోట బండి ఆపగానే కింద నుంచి ఎవరో నిట్టూర్చినట్టు వినపడుద్ది. అదో రకం కుళ్లు వాసన. జనం ఎక్కటానికి భయపడతన్నారు. నేనూ మానేద్దామనుకుంటన్నా."

నాకు నవ్వు రాలేదు. ఊళ్లో కాసేపు నడిపి చూశాను. చప్పుడు లేదు, చుక్క లేదు. శవంతో వెళ్తే తప్ప తెలిసేలా లేదు.

మర్నాడే ఒంగోలు ఆసుపత్రి నుంచి రమేష్ అనే కుర్రాణ్ణి తేవలసి వచ్చింది. పొలంలో మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి పోయాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక అతని తల్లి ఆదిలక్ష్మిగారు, మేనమామ. చీమకుర్తి దాటేదాకా గ్రానైట్ లారీల దుమ్ములోనే వచ్చాం. ఆమె కొడుకు తల మీద చెయ్యి వేసి, ఏడుపు కూడా మానేసి కూర్చుంది.

వాళ్ల ఇంటి ముందు బండి ఆగింది. ఇంజను ఆపేశాక ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. అప్పుడు వినబడింది. శవం కింద నుంచి, సన్నగా, చాలాసేపు, అలసిపోయిన మనిషి వదిలినట్టు ఒక నిట్టూర్పు.

"ఊపిరి తీశాడు," అంది ఆదిలక్ష్మిగారు మెల్లగా. "అన్నయ్యా, విన్నావుగా. కట్లు విప్పు."

మేనమామ కట్లు విప్పాడు. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి, గుండె మీద స్టెత్ పెట్టి తల అడ్డంగా ఊపాడు. "మళ్లీ వినండి," అని ఆమె ఆయన చెయ్యి వదల్లేదు.

నేను బండి కిందికి దూరాను. సీలు అంచున ఆయిల్ బుడగలు తేలుతున్నాయి. వేడెక్కిన గేర్ ఆయిల్లోని గంధకం వాసన గుప్పుమంది. జనం శవం వాసన అనుకున్నది అదే. డిఫరెన్షియల్ పైన బ్రీదర్ అని చిన్న గొట్టం ఉంటుంది. లోపల వేడెక్కి ఉబ్బిన గాలి అందులోంచే పోవాలి. గ్రానైట్ పొడి పడి అది రాయిలా మూసుకుపోయింది. దారి లేని గాలి సీలును తోసుకుని, ఆయిల్‌ని వెంటబెట్టుకుని వస్తోంది. అంత వేడెక్కేది దూరం వెళ్లి తిరిగొచ్చేసరికే. ఈ బండి దూరం వెళ్లేది శవం కోసమే.

అనుమానం తీరడానికి, లోపల చిక్కిన గాలి బయటికి పోయేలా ఆయిల్ పోసే ప్లగ్గు వదులు చేశాను. మళ్లీ అదే నిట్టూర్పు, ఈసారి ఇంకా పొడుగ్గా.

"అదిగో," అంది పైనుంచి ఆమె.

బయటికి వచ్చాను. "అమ్మా, అది బండి చప్పుడమ్మా. రమేష్ కాదు."

ఆమె దిగి, నా పక్కన చతికిలబడి, చెయ్యి చాపి ఆ ఇనుము మీద ఆనించింది.

"వేడిగా ఉంది," అంది. "వాడు చల్లగా ఉన్నాడు." తరువాత అన్నవైపు తిరిగి, "దించండి," అంది.

బ్రీదర్ మార్చి, దానికి రబ్బరు పైపు తగిలించి దుమ్ము అందనంత ఎత్తున కట్టాను. సీలూ మళ్లీ మార్చాను. ఇక కారలేదు. కోటయ్య బాబాయ్ పని మానలేదు.

పత్తి గింజలు పెట్టే రోజుల్లో ఆదిలక్ష్మిగారు షెడ్డుకు వచ్చింది.

"ఆ బండి ఇంకా అట్టా ఊపిరి తీస్తందా నాయనా?"

"లేదమ్మా. బాగు చేశాను."

"మంచిపని చేశావులే," అని వెళ్లిపోయింది. ఆ మాట ఆమె ఏ ఉద్దేశంతో అందో నాకు ఇప్పటికీ తెలియదు.

సీలు దగ్గర ఆయిల్ కారితే ముందు బ్రీదర్ చూడాలని అప్పుడు నేర్చుకున్నాను. అది ఏ మెకానిక్కయినా చెబుతాడు. ప్లగ్గు విప్పే ముందు చుట్టూ ఎవరు నిలబడి ఉన్నారో చూడటం మాత్రం ఆ ఇంటి ముందే నేర్చుకున్నాను.